విట్‌బీలో ఏరువాక పున్నమి

ఇంగ్లండ్ ఈశాన్యాన మిడిల్స్‌బ్రోలో చదువుకున్న తెలుగువాళ్లలో చాలామంది ఫోన్లలో ఆ దగ్గరి సముద్రపు ఊరు విట్‌బీ ఫొటో ఒకటైనా ఉంటుంది. తిమింగలం దవడ ఎముకలతో కట్టిన తోరణం, దాని నడుమ నుంచి అవతలి కొండ మీద కప్పు లేని పాత మఠం. 2023 జూన్ మొదటి వారాంతంలో నలుగురు స్నేహితులం దిగిన ఫొటో కూడా అదే. ఇప్పుడు నలుగురం నాలుగు ఊళ్లలో ఉన్నాం. ఆ ఫొటో తీసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది తోరణం కాదు, దాని కింద రేవులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయన్నది. ఆ ఊళ్లో ఏ పనైనా నీటిని చూసుకునే చెయ్యాలి.

మన విశాఖ, కాకినాడ తీరాల్లో ఆటుపోట్లకి తేడా బాగా ఎక్కువున్న రోజున కూడా మీటరున్నర చుట్టుపక్కలే. అలల తాకిడి తప్ప సముద్రం ముందుకొచ్చిందా వెనక్కెళ్లిందా అని సరదాకి వెళ్లినవాళ్లు పట్టించుకోరు. విట్‌బీలో అదే తేడా నాలుగున్నర నుంచి ఐదు మీటర్లు, అంటే ఒకటిన్నర అంతస్తు. ఉదయం పడవలు బురదలో ఒరిగి పడుకుని ఉన్న చోట సాయంత్రానికి నిండు రేవు. పొద్దున నడిచి వెళ్లిన ఇసుక మీద మధ్యాహ్నానికి కెరటం కొండని కొడుతూ ఉంటుంది. బీచ్ అంటే ఎప్పుడైనా వెళ్లొచ్చనే మన అలవాటు అక్కడ ప్రమాదం.

దీనికి మన పంచాంగం బాగా పనికొస్తుంది. పున్నమి, అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకి పెద్ద పోట్లు, అష్టమి దాటాక చిన్నవి. అది ఏ తీరానికైనా అంతే. ఒక్కో రేవుకి ఒక్కో వేళ కూడా ఉంటుంది: విట్‌బీలో పున్నమి, అమావాస్యల చుట్టుపక్కల నిండు పోటు దాదాపుగా తెల్లవారుజామున, సాయంత్రం 4 నుంచి 6 మధ్య వస్తుంది. అంటే నీళ్లు బాగా లోపలికి పోయేది ఉదయం పది, పదకొండు మధ్య. ఒడ్డున రాళ్లలో తిరగాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి వేళ దొరకదు. మేం వెళ్లింది సరిగ్గా జ్యేష్ఠ పున్నమికి. మన ఊళ్లలో ఏరువాక సాగుతున్న రోజున ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్నాం.

ఆ రోజుకి ఖాయమైన సమయం మాత్రం పట్టికలోనే చూసుకోవాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ముద్రించిన పట్టికలు కొన్ని ఏడాది పొడుగునా గ్రీన్‌విచ్ సమయంలోనే ఉంటాయి. వేసవిలో గడియారం గంట ముందుంటుంది కాబట్టి పట్టికలో 9.40 అంటే మన చేతి గడియారంలో 10.40. ఆ గంట మర్చిపోతే లెక్కంతా పోతుంది. ఇంకోటి, నీళ్లు అన్ని గంటలూ ఒకేలా పెరగవు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు. ఎత్తుని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. మొదటి గంటలో ఏమీ కాలేదు కదా అని ధీమాగా ఉన్నవాళ్ల వెనకాల మూడో గంటలో దారి మూసుకుపోతుంది.

వెళ్లడానికి రెండు దారులు. మిడిల్స్‌బ్రో నుంచి ఎస్క్ లోయ గుండా వెళ్లే రైలు సుమారు గంటన్నర. మూర్ల (చెట్లు లేని ఎత్తైన బీడు కొండల) మీదుగా వెళ్లే ఎక్స్93 బస్సుకి గంట పైచిలుకు. ఆ శనివారం రైలు డ్రైవర్ల సమ్మె, బస్సు తప్ప గతి లేదు. అయినా దిగులు పడలేదు, ఆ ఏడాది ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఎంత దూరానికైనా టికెట్ 2 పౌండ్లే. ఆ ధర ఇప్పుడు లేదు. రైలుకి వెళ్తే ముగ్గురు మొదలు తొమ్మిది మంది దాకా కలిసి తీసుకునే గ్రూప్‌సేవ్ టికెట్ అడగండి, రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గుతుంది. రోజుకి రైళ్లు తక్కువే కాబట్టి ఆఖరి రైలు వేళ ముందే రాసి పెట్టుకోవాలి.

బట్టల దగ్గర మనవాళ్లు మోసపోయేది జూన్‌లోనే. దారిలో గిస్‌బ్రో ఊరి దాకా ఎండ కాస్తుంది. మూర్ ఎక్కి అవతలికి దిగేసరికి తెల్లటి మంచు, పక్క సీటు అద్దంలోంచి కొండ కనపడదు. అక్కడివాళ్లు దాన్ని సీ ఫ్రెట్ అంటారు. నేల మీద వేడెక్కిన గాలి పది పన్నెండు డిగ్రీల సముద్రం మీదికి వెళ్లి చల్లబడి, మంచై, సముద్రపు గాలితో తిరిగి ఒడ్డుకొస్తుంది. రెండు మైళ్లు లోపలికి వెళ్తే మళ్లీ ఎండే. వాతావరణం యాప్‌లో ఎండ బొమ్మ ఉందని చొక్కాతో వెళ్తే వణకాల్సిందే. గాలి ఆగే జాకెట్, తడిసినా జారని అట్టున్న బూట్లు చాలు. గొడుగు దండగ, సముద్రంలోకి కట్టిన పియర్ గోడ మీద గాలికి మొదటి నిమిషంలోనే తిరగబడుతుంది.

పులిహోర సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం పూర్తికాదు. నలుగురికి రెండు పూటలకి సరిపోవాలంటే అరకిలో సోనా మసూరి, 60 గ్రాముల చింతపండు, ఆరు చెంచాల నువ్వుల నూనె. కుక్కర్లో పెట్టేటప్పుడు ఒకటికి ఒకటీ ముప్పావు కొలత నీళ్లే పొయ్యాలి, రెండు పోస్తే మర్నాటికి ముద్దవుతుంది. అన్నాన్ని ఓవెన్ ట్రేలో పరిచి పసుపు, పచ్చి కరివేపాకు, రెండు చెంచాల నూనె చల్లి పూర్తిగా చల్లార్చాలి. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడకాలి, అక్కడ తొందరపడితే రుచి పోతుంది. వేడి మీద డబ్బాలో మూత పెడితే ఆవిరి నీరై దిగి రాత్రికే వాసన వేస్తుంది. చివర్లో నూపొడి రెండు చెంచాలు, ఆవపిండి అర చెంచా. పల్లీలు మాత్రం విడిగా కాగితంలో కట్టుకుని తినేముందు కలుపుకుంటేనే కరకరలాడతాయి.

ఊరు ఎస్క్ నదికి అటూ ఇటూ రెండు కొండల మీద ఉంది. మధ్యలో 1908 నాటి తిరుగుడు వంతెన. పోటుకి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా, పడవ వస్తే గంటకీ అరగంటకీ తెరుస్తారు. మిగతా వేళల్లో లోపలి రేవులోకి పడవ రావడానికి నీళ్ల లోతు చాలదు. గంట మోగుతుంది, గేట్లు పడతాయి, రోడ్డు రెండు ముక్కలై పక్కకి తిరుగుతుంది. మీ బస అవతలి ఒడ్డున ఉండి బస్సు ఇవతల ఉంటే ఆ పది నిమిషాలు లెక్కలో వేసుకోవాలి. అక్కడ నిలబడి చూసేవాళ్లకి మాత్రం ఆ పది నిమిషాలూ పండగే.

తూర్పు కొండ మీదికి 199 మెట్లు. ఒకప్పుడు చెక్కవి, 1774లో రాతివి వేశారు. శవపేటికలు ఈ మెట్ల మీదే పైకి మోసేవాళ్లు. మధ్య మధ్యలో వెడల్పుగా చదును చేసిన చోట్లు, వాటి పక్కన బల్లలు కనిపిస్తాయి. మోసేవాళ్లు పేటిక దించి ఊపిరి తీసుకునేది అక్కడే. మేం దిగిన యూత్ హాస్టల్ పైన మఠం పక్కనే. చక్రాల సూట్‌కేసు తెచ్చుకున్నవాడి గతి ఏమిటో చెప్పక్కర్లేదు. మెట్ల పక్కనున్న రాళ్ల బాట ఇంకా నిటారు, తడిస్తే జారుడు. వీపుకి తగిలించుకునే సంచే తెచ్చుకోండి.

పైన సెయింట్ మేరీ చర్చిలోకి తొంగి చూసి రావద్దు, కూర్చోండి. ఒక్కో కుటుంబానికి ఒక్కో చెక్క గదిలా, నడుమెత్తు గోడలతో, తలుపులతో కట్టిన బల్లలు, నడుమ బొగ్గు పొయ్యి. దాని వెనక మఠం. 657లో పెట్టిన ఆ మఠానికి మొదటి అధిపతి హిల్డ్ అనే స్త్రీ. ఈస్టర్ తేదీ ఎలా లెక్కకట్టాలన్న తగవు 664లో తేలింది ఆమె మఠంలోనే. పశువుల్ని కాసే కాడ్మన్‌కి పాట వచ్చిందని తెలిసి అతన్ని మఠంలోకి తీసుకుంది కూడా ఆమే. ఇంగ్లీషులో పేరు తెలిసిన మొదటి కవి ఆ పశువుల కాపరి. ఇప్పుడు నిలిచున్న గోడలు ఆ కాలానివి కావు, తర్వాతి శతాబ్దాల్లో కట్టినవి. 1539లో రాజు మఠాల్ని మూయించాక కప్పు పోయింది. 1914 డిసెంబర్ 16న జర్మన్ యుద్ధనౌకలు పేల్చిన గుండ్లు కూడా తగిలాయి.

హిల్డ్ గురించి ఊళ్లో ఒక కథ ఉంది. మఠం కట్టేటప్పుడు కొండంతా పాములుంటే ఆమె ప్రార్థించి వాటిని రాళ్లుగా మార్చిందట. ఆ చుట్టచుట్టుకున్న రాళ్లు ఇప్పటికీ కొండ కింద దొరుకుతాయి. తల లేదేమిటని కొనేవాళ్లు అడుగుతారని పూర్వం వ్యాపారులు వాటికి పాము తల చెక్కి అమ్మేవాళ్లు. ఊరి ముద్రలో ఇప్పటికీ మూడు పాము రాళ్లుంటాయి. చేతిలోకి తీసుకుంటే తెలుగువాళ్లకి వెంటనే తోచేది వేరే మాట: శాలగ్రామం. అది పోలిక మాత్రమే కాదు. నేపాల్ గండకీ నదిలో దొరికే శాలగ్రామాలూ, విట్‌బీ పాము రాళ్లూ రెండూ అమ్మోనైట్లే, కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో బతికిన గవ్వజీవుల శిలాజాలు. విట్‌బీవి సుమారు 18 కోట్ల ఏళ్లవి. మనకది విష్ణుచక్రం, వాళ్లకది పాము. ఒక రకం అమ్మోనైట్లకి శాస్త్రవేత్తలు హిల్డ్ పేరే పెట్టారు, హిల్డోసెరాస్ అని.

వాటిని వెతకడానికి మంచి చోటు సాల్ట్‌విక్ బే. మఠం నుంచి కొండ అంచు బాటన తూర్పుకి మైలు పైన. కిందికి దిగే దారి నిటారుగా, వానొస్తే బురదగా ఉంటుంది. ఆటు పూర్తయ్యే వేళకి రెండు గంటల ముందు దిగాలి, ఆటు తర్వాత గంటలోపు పైకి ఎక్కేయాలి. రేవు దగ్గర్నుంచి కొండ కింద రాళ్ల మీదుగా నడిచి సాల్ట్‌విక్ చేరదామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. మధ్యలో పైకెక్కే దారి లేదు, పోటుకి చిక్కుకుపోయేది అక్కడే. కొండ కిందికి దగ్గరగా వెళ్లకూడదు, ఆ షేల్ రాయి వాన తర్వాత, ఎండకి ఆరినప్పుడు కూడా పలకలు పలకలుగా రాలుతుంది. చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ అనాలి, కొండ ఎక్కే ప్రయత్నం చెయ్యకూడదు.

వెతకాల్సింది రాలిన రాళ్లలోనే, కొండని తవ్వకూడదు. బల్లపరుపు షేల్ ముక్కల మధ్య బూడిద రంగు గుండ్రటి గడ్డలుంటాయి, బన్ను అంతవి. అన్నిట్లోనూ ఏమీ ఉండదు. గడ్డని తిప్పి అంచు చూడాలి. సన్నటి గీతలు దువ్వెన పళ్లలా వరసగా కనిపిస్తే లోపల అమ్మోనైట్ ఉన్నట్టు. అంచు మీద సుత్తితో కొడితే ఒక్కోసారి రెండు చిప్పలుగా విడుతుంది, కళ్లకి అద్దాలు తప్పనిసరి. నడి నెత్తిన కొడితే లోపలిది కూడా ముక్కలవుతుంది. మేం అక్కడున్న రెండు గంటల్లో మంచివి రెండే దొరికాయి. అంతే దొరుకుతాయి.

అదే ఒడ్డున నల్లటి జెట్ దొరుకుతుంది. అది రాయి కాదు, మంకీ పజిల్ జాతి చెట్ల కొయ్య కోట్ల ఏళ్లు నొక్కుకుపోయి మారినది. 1861లో భర్త పోయాక విక్టోరియా రాణి జెట్ నగలు ధరించడంతో ఊళ్లో ఆ పని పెరిగిపోయింది. ఒడ్డున బొగ్గు ముక్కలు కూడా కొట్టుకొస్తాయి, చూడ్డానికి రెండూ ఒకటే. సిరామిక్ టైల్ వెనకవైపు గరుకు మీద గీస్తే బొగ్గు నల్లగా గీస్తుంది, జెట్ గోధుమరంగులో గీస్తుంది. దుకాణంలో గీసి చూడనివ్వరు కదా, అక్కడ చేతిలో తూచండి. జెట్ ప్లాస్టిక్కంత తేలిక, తాకితే చల్లగా ఉండదు. చల్లగా, బరువుగా ఉంటే నల్ల గాజు.

సాల్ట్‌విక్‌లో కొండ చివరి భాగం ఎవరో కొరికేసినట్టుంటుంది. అది సముద్రం పని ఒక్కటే కాదు, పటిక కోసం తవ్వింది. కలంకారీ బట్ట మీద రంగు నిలవడానికి పెడనలో, మచిలీపట్నంలో వాడే పటికే. ఇక్కడి షేల్‌ని కట్టెల మీద కొండంత పోగు వేసి నెలల తరబడి కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని మరిగించి, సముద్రపు నాచు బూడిద, మూత్రం కలిపేవాళ్లు. ఆ మూత్రం లండన్ నుంచి పడవల్లో పీపాలకొద్దీ వచ్చేది. ద్రవం పదునుకి వచ్చిందో లేదో కోడిగుడ్డు వేసి చూసేవాళ్లట, గుడ్డు తేలితే తయారైనట్టు. 1871 నాటికి ఈ తీరంలో ఆ పని ఆగిపోయింది. అద్దకం పనివాళ్ల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా అటు వెళ్తే ఆ బోడి నేల దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

తిండి దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. యార్క్‌షైర్‌లో చేపలు, చిప్స్ సంప్రదాయంగా వేయించేది బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే కరిగించిన గొడ్డు కొవ్వులో. బంగాళాదుంప చిప్స్ కూడా అందులోనే. శాకాహారం కదా అని చిప్స్ కొనుక్కున్నవాళ్లకి ఆ సంగతి తెలియదు, బోర్డు మీద ఎప్పుడూ రాసి ఉండదు. ఆర్డర్ చెప్పేముందే డ్రిప్పింగా, వెజిటబుల్ ఆయిలా అని అడగాలి. మొహమాటం అక్కర్లేదు, రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నూనెలో వేయించే కొట్లు కూడా ఉన్నాయి. తినేవాళ్లు కాడ్ కాకుండా హాడక్ తీసుకోవాలి, అక్కడివాళ్లకి ఇష్టం అదే. కాగితం పొట్లం తెరిచాక వీపు గోడకి ఆనించి కూర్చోండి. హెర్రింగ్ గల్ అనే ఆ పెద్ద పక్షి ఎదురుగా రాదు, వెనక నుంచి భుజం మీదుగా వస్తుంది. దాని కళ్లలోకి చూస్తూ ఉంటే చాలావరకు ఆగుతుంది. పులిహోర డబ్బా మీదికి కూడా వచ్చిందది.

మెట్ల కిందుగా వెళ్లే హెన్రియెటా వీధిలో ఫార్చ్యూన్స్ అనే చిన్న కొట్టు ఉంది, 1872 నుంచి హెర్రింగ్ చేపని పొగబెట్టి కిప్పర్లు చేస్తున్నారు. కొట్టు కనిపించకముందే పొగ వాసన దారి చూపిస్తుంది. చేపని వీపు వైపు చీల్చి పుస్తకంలా తెరిచి, ఉప్పునీళ్లలో నానబెట్టి, కొంకులకి తగిలించి కట్టెల పొగలో ఉంచుతారు. గోడలు ఏళ్ల తరబడి పట్టిన తారుతో నల్లగా మెరుస్తుంటాయి. హెర్రింగ్ మన పులసకి దాయాది, సన్నటి ముళ్లు కూడా అలాగే. మన ఎండుచేపలా గట్టిగా ఎండదు కాబట్టి బయట నిల్వ ఉండదు, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. పెనం మీద వేయిస్తే పొగ అలారం మోగుతుంది, వాసన వారం దాకా పోదు. పొడుగాటి జగ్గులో తోక పైకుండేలా నిలబెట్టి మరిగిన నీళ్లు పోసి ఆరు నిమిషాలు వదిలేస్తే చాలు. అన్నం, పప్పుచారు పక్కన అది పెట్టుకున్న రాత్రి మా నలుగురికీ బాగా గుర్తు.

పడమటి కొండ మీద రాత్రి తొమ్మిదిన్నరకి సూర్యుడు సముద్రంలోకే దిగాడు. తూర్పు తీరంలో అదెలా అనుకుంటారు. ఈ ఊరి దగ్గర తీరం ఉత్తరం వైపు తిరిగి ఉంటుంది, నడివేసవిలో సూర్యుడు ఈశాన్యాన లేచి వాయవ్యాన పడతాడు కాబట్టి రెండూ నీళ్ల మీదే. మంచు విడితే పది దాటాక ఎదురు కొండ మీద, మఠం పక్కగా, ఎర్రటి పున్నమి చంద్రుడు. కింద పియర్ దగ్గర లైఫ్‌బోట్ వాళ్ల మ్యూజియం. 1861 ఫిబ్రవరి 9న ఒకే తుపాను రోజు పడవ మళ్లీ మళ్లీ వెళ్లి ఎందరినో కాపాడింది, ఆఖరి సారి బోల్తా పడింది. పదమూడు మందిలో బతికింది హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే. కొత్తగా వచ్చిన బెండు చొక్కా తొడుక్కున్నది అతనొక్కడే.

ఆదివారం తిరుగు రైలు. ఎడమా కుడీ ఎస్క్ నది, ఊరు దాటగానే తలెత్తి చూస్తే పదమూడు కమానుల లార్పూల్ వంతెన. సగం దారి దాటాక బ్యాటర్స్‌బీ దగ్గర పట్టాలు అయిపోతాయి. డ్రైవరు దిగి, ప్లాట్‌ఫాం మీద నడుచుకుంటూ రెండో కొసకి వెళ్తాడు, రైలు వచ్చిన వైపే బయల్దేరి పక్క పట్టాల మీదికి మళ్లుతుంది. కంగారు పడకండి, వెనక్కి పోవడం లేదు.

తెచ్చిన అమ్మోనైట్‌ని అలాగే అరలో పెడితే లోపల ఉన్న ఉప్పు ఎండి, గింజ కట్టి, కొన్ని నెలల్లో పెచ్చులూడుతుంది. గిన్నెలో మంచినీళ్లు పోసి ముంచి ఉంచాలి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి, రెండు వారాలు. ఇత్తడిలా మెరిసే మచ్చలున్నదైతే ముంచి ఉంచకూడదు, త్వరగా కడిగి బాగా ఆరబెట్టాలి. మా వంటగదిలో సింకు పక్కన ఆ స్టీలు గిన్నె జూన్ మూడో వారం దాకా ఉంది. మొదటి రోజు నీళ్లు బూడిద రంగుకి తిరిగాయి, వేలు ముంచి చూస్తే ఉప్పగా ఉన్నాయి.